అమ్మ చెయ్యి పైకి లేవదు

నేను అమలాపురంలో ఒక ఎముకల డాక్టరు గారి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, చీటీ ఇవ్వడం, వంతు వచ్చినప్పుడు లోపలికి పిలవడం నా పని. మోకాళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు, నడుము వంగిపోయి వచ్చేవాళ్ళు, మెడకి పట్టీ కట్టుకుని వచ్చేవాళ్ళు, అందరూ ముందు నా మొహమే చూస్తారు. "ఎంతసేపు పడుద్దండీ?" అని అడుగుతారు. నాకు తెలిసిన జవాబు అదొక్కటే కనుక ఓపిగ్గానే చెబుతాను.

మా పుట్టిల్లు ఉప్పలగుప్తం దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చేపలవాళ్ళ పేట. నాన్న చిన్న నావ మీద వేటకి వెళ్తాడు. నావ ఒడ్డుకి చేరితే మగవాళ్ళ పని అయిపోయినట్టే. అక్కణ్ణించి ఆడవాళ్ళ పని. చేప ఏరాలి, కోయాలి, మిగిలింది ఉప్పు పట్టించి ఎండెయ్యాలి, పచ్చిది గంపలో వేసుకుని ఊళ్ళ మీదకి పోవాలి. అన్నిట్లోకి అమ్మకి గంప అమ్మకమే ఇష్టం. రొయ్యల చెరువుల గట్లమ్మట, కొబ్బరితోటల్లోంచి అడ్డదారిన నడిచి వెళ్ళేది. ఆమెకంటూ వాడుక ఇళ్ళు ఉండేవి. ఏ ఇంట్లో కోడలికి పథ్యం, ఏ ఇంట్లో ముసలాయనకి ముల్లున్న చేప పడదు, అన్నీ ఆమెకి తెలుసు. వాళ్ళూ ఆమె కోసం చూసేవారు. వేరే గంప వస్తే, "మాకు మా మనిషి ఉందిలే" అనేవారట. ఆ మాట చెప్పేటప్పుడు అమ్మ మొహం చూడాలి.

నిండు గంపని ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. పక్కావిడ ఒక చెయ్యి వెయ్యాలి. నెత్తి మీదకి ఎక్కాక మాత్రం ఎవరి చెయ్యి వాళ్ళదే. కుడిచెయ్యి పైకెత్తి గంప అంచు పట్టుకుని, వెళ్ళినంత దూరం అలాగే పట్టుకుని ఉండాలి. చిన్నప్పుడు నేను గట్టు మీద నించుని చూసేదాన్ని. దూరం నుంచి మనుషులు తెలియకపోయినా, ఆ పైకెత్తిన మోచేతుల వరసలో మా అమ్మ మోచెయ్యి ఏదో నాకు తెలిసిపోయేది.

నా కూతురికి అప్పుడప్పుడే నడక వచ్చిన రోజుల్లో, వేసవిలో, కొన్నాళ్ళు ఉందామని పేటకి వెళ్ళాను. ఆటో దిగగానే పిల్ల అమ్మమ్మని చూసి రెండు చేతులూ పైకెత్తింది. అమ్మ నవ్వుకుంటూ ఎదురొచ్చింది కాని ఎత్తుకోలేదు. అక్కడే ఇసకలో చతికిలబడి, "రా, రా, నువ్వే నా ఒళ్ళోకి రా తల్లీ" అంది. పిల్ల కాసేపు అలాగే చేతులు చాపుకుని నిలబడి, ఏడుపు మొహం పెట్టి, ఆఖరికి వెళ్ళి ఆమె ఒళ్ళో ఎక్కి కూర్చుంది. అమ్మ అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

మర్నాడు పొద్దున్న అమ్మ తల దువ్వుకుంటూ కనిపించింది. గోడవైపు తిరిగి కూర్చుంది. కుడి మోకాలు ముడిచి పైకి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి, తలని పక్కకి వంచుతోంది. చెయ్యి తల దగ్గరికి వెళ్ళాల్సింది పోయి, తలే చెయ్యి దగ్గరికి వస్తోంది. వెనక వైపు జుట్టుకి దువ్వెన అందడం లేదు.

"ఏమైందమ్మా చేతికి?"

ఉలిక్కిపడి మోకాలు దించేసింది. "ఏం కాలేదు. పట్టేసింది."

"ఎప్పట్నించి?"

"ఏమో, గంప ఎత్తుతుంటే ఒకరోజు కలుక్కుమంది. అదే తగ్గుద్దిలే."

"ఏదీ, పైకెత్తు చూద్దాం."

ఎత్తింది. రొమ్ము దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇంకా ఎత్తబోతే చెయ్యి లేవకుండా భుజమే చెవి దాకా లేచింది. ఆసుపత్రిలో ఎంతమందో అలా ఎత్తడం చూశాను. డాక్టరు గారు వాళ్ళతో ఏం చెబుతారో కూడా తలుపు సందులోంచి వింటూనే ఉంటాను.

చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేసే రోజులు కావడంతో గంప ఖాళీగా బోర్లించి ఉంది. అందుకనే అమ్మ నాతో రావడానికి ఒప్పుకుంది. వేట ఉంటే వచ్చేది కాదు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు డాక్టరు గారి కోసం ఎండురొయ్యల పొట్లం తెచ్చింది. వద్దన్నా వినలేదు. "పెద్దాయన దగ్గరికి ఉత్తి చేతుల్తో ఎలా వెళ్తావే?" అంది. వరండాలో ఫ్యాను గాలికి ఆ వాసన అంతటా పాకింది. బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నావిడ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాస్త జరిగింది. అమ్మ చూసింది. పొట్లాన్ని ఒళ్ళోంచి తీసి బెంచీ కింద కాళ్ళ సందున పెట్టుకుంది. నేను బల్ల దగ్గర కూర్చుని అదంతా చూస్తూ, వేరేవాళ్ళ పేర్లు పిలుస్తూ ఉన్నాను. ఆమె వంతు వచ్చినప్పుడు పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. లేచి వెళ్ళి, "పద" అన్నాను.

డాక్టరు గారు మంచి మనిషి. పొట్లం పుచ్చుకుని, "మా ఇంట్లో పండగేనమ్మా ఇవాళ" అన్నారు. అమ్మ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోటోలు తీయించి, స్కానింగుకి పంపారు. అన్నీ వచ్చాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టారు.

"భుజం కీలు మీద తాడులాంటి కండ ఒకటి ఉంటుందమ్మా. చెయ్యి పైకి లేపేది అదే. అది చిరిగిపోయింది. ఇవాళ్టిది కాదు, పాత చిరుగు."

"కుట్టెయ్యకూడదాండీ?" అంది అమ్మ.

"కొత్తలో అయితే కుట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ కండ ఎండిపోయి వెనక్కి పోయింది. కుట్టినా పట్టు నిలవదు."

"ఆయ్. కుళ్ళిన వల లాగన్నమాట."

"అలాగే అనుకో. నొప్పికి ఇంజెక్షన్ ఇస్తాను. గోడ మీద వేళ్ళు పాకించే ఎక్సర్‌సైజు చూపిస్తారు, రోజూ చెయ్యి. బరువు మాత్రం ఎత్తకూడదు."

"ఎన్నాళ్ళండీ?"

ఆయన నా వైపు చూశారు. నేను కిందకి చూశాను.

"ఇంక ఎత్తకూడదమ్మా," అన్నారు.

"ఆయ్," అంది అమ్మ. అర్థమైనట్టు తల కూడా ఊపింది. బయటికి వచ్చి చెట్టు నీడన నించున్నాక నన్ను అడిగింది, "ఇంక ఎత్తకూడదంటే, వేట తెరిచేదాకానా?"

ఇంజెక్షన్ పని చేసింది. అదే వచ్చిన చిక్కు. నొప్పి పోయేసరికి జబ్బు పోయిందనుకుంది. వేట తెరిచిన మొదటి రోజే గంప ఎత్తించుకుని బయల్దేరింది. ఫోనులో నేను అరిచాను, బతిమాలాను. "బానే ఉందే, దూదిలా ఉంది చెయ్యి. మీ డాక్టరు గారి చెయ్యి మంచిది" అంది. కొన్ని వారాలు అలాగే నడిచింది. తర్వాత ఒకరోజు చెరువు గట్టు మీద చెయ్యి దానంతట అదే కిందకి జారిపోయిందట. గంప పక్కకి ఒరిగి చేపలన్నీ బురదలో పడ్డాయి. దారినపోయేవాళ్ళు ఏరిపెట్టారు. ఆ రోజు ఏ ఇంటికీ వెళ్ళకుండా వెనక్కి వచ్చేసింది.

అప్పటిదాకా నాన్నకి ఈ సంగతి లోతు తెలియదు. ఆడవాళ్ళ ఒళ్ళునొప్పులు అనుకున్నాడు. తెలిశాక మాత్రం తట్టుకోలేకపోయాడు. "గంప నేనెత్తుకుని పోతాను. నువ్వు కూచో" అన్నాడు.

నిజంగానే వెళ్ళాడు. భుజానికి కావిడి వేసుకుని అమ్మ చెప్పిన దారినే, అమ్మ చెప్పిన ఇళ్ళకే వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక కావిడి దాదాపు అలాగే పట్టుకుని తిరిగి వచ్చాడు. ఈ కథ అమ్మే నాకు చెప్పింది, నవ్వుతూ.

"గేటు దగ్గర నించుని చేపలండీ అన్నాడంట. లోపల్నించి ఆవిడ వచ్చి, మీరెవరండీ, ఆవిడేదండీ, అందంట. చెయ్యి బాలేదండీ అన్నాడంట. అయ్యో పాపం, ఏమైందండీ, ఎప్పట్నించండీ, అని అన్నీ అడిగి, సరేనండీ ఆవిడకి బాగయ్యేక రమ్మనండీ అని తలుపేసుకుందంట. ప్రతీ ఇంట్లోనూ అదే. మగాడితో ఏం బేరమాడతారే? వాకిట్లో మగాడు కూచుని చేప కోస్తే ఏ ఇల్లాలు పక్కన నించుంటాది? ఈయనకి చెప్పినా తెలీదు..."

నవ్వుతూ చెబుతున్నదల్లా మధ్యలో ఆగిపోయింది. ఎడం చేత్తో ముక్కు తుడుచుకుంది. "అందరూ నా గురించి అడిగేరంట," అంది.

వాడుక ఇళ్ళు మెల్లగా వేరేవాళ్ళ చేతుల్లోకి పోయాయి. పక్కింటి పిన్ని మొదట్లో అమ్మ చేపలు కూడా తన గంపలో వేసుకుని వెళ్ళేది. ఆవిడకీ వయసైంది, ఆవిడ మెడ ఆవిడకుంది. ఎన్నాళ్ళు మోస్తుంది? ఒకరోజు చెప్పలేక చెప్పలేక, "అక్కా, ఇంక నావల్ల అవ్వదే" అంది. అమ్మే ఆవిణ్ణి ఓదార్చింది.

ఆ తర్వాత మిగిలింది జుట్టు సంగతి. చెప్పడానికి ఇది చిన్న విషయంలా ఉంటుంది కాని, మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఇదే.

అమ్మకి ఒత్తైన జుట్టు. పొద్దున్నే కొబ్బరినూనె రాసి, బిగించి ముడి వేసి, ఆ ముడి మీద చుట్టకుదురు పెట్టుకుంటే గంప కదిలేది కాదు. ఇప్పుడు ఆ ముడి వేసుకోవడం, విప్పుకోవడం ఆమె చేత కాదు. అన్నం తినడానికి కంచం మీదకి వంగి, మూతినే చేతి దగ్గరకు తెచ్చుకోవడం అలవాటు చేసుకుంది. రవికె ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడంచెయ్యి ఎక్కించే ఉపాయం ఏదో కనిపెట్టింది. తల దగ్గర మాత్రం ఏ ఉపాయమూ సాగలేదు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి తలంటి, చిక్కు తీసి, జడ అల్లి వచ్చేదాన్ని. మళ్ళీ ఆదివారం దాకా ఆ జడ విప్పడానికి లేదు. పడుకుని లేచి, ఉప్పుగాలికి తిరిగి, వారం చివరికి అది తాడులా బిరుసెక్కిపోయేది.

పిల్లకి జ్వరం వచ్చి ఒక వారం వెళ్ళలేకపోయాను. ఆ పై వారం వెళ్ళేసరికి అమ్మ తల మీద విచిత్రంగా ఏదో ఉంది. జుట్టంతా వెనక్కి లాగి, నైలాను దారంతో పైనుంచి కిందదాకా వరసగా ముడులు వేసి ఉంది.

"ఇదేంటమ్మా?"

"మీ నాన్న." గొంతు తగ్గించి చెప్పింది. ఆయన అవతల నావ దగ్గర ఉన్నాడు. "జడ రాదు కదా ఆయనకి. వచ్చిన ముడి వేసేడు."

వల కట్టే ముడి. లాగితే ఇంకా బిగిసే ముడి. ఎంత ప్రయత్నించినా నా గోళ్ళకి ఊడలేదు. చివరికి నాన్నే వచ్చి, నా పక్కన గొంతుక్కూచుని, ఒక్కొక్కటీ విప్పాడు. ఎక్కడైనా జుట్టు లాగితే, "నొప్పెట్టిందా?" అని అడుగుతున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని, "లేదు, లేదు" అంటోంది. ముగ్గురం తలలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాం. ఇలాంటి పని మీద కాకుండా మేం ముగ్గురం అంత దగ్గరగా కూర్చున్న సందర్భం నాకు గుర్తు రాలేదు.

కొన్ని రోజుల తర్వాత అమ్మ ఫోను చేసింది. "అప్పనపల్లి స్వామి దగ్గరికి వెళ్దామే. తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను."

నాన్న సంతోషపడ్డాడు. డాక్టరు గారి మందుకి లొంగనిది దేవుడి చేతిలో పెట్టడం ఆయనకి మంచి ఆలోచనగా తోచింది. వేట ఉండటంతో ఆయన రాలేదు. నేను సెలవు పెట్టి అమ్మని తీసుకుని వెళ్ళాను. తలనీలాలు తీసే చోట వరసలో మా ముందున్నావిడ చంటిపిల్లని ఎత్తుకుని ఉంది. వెనక్కి తిరిగి అమ్మని, "మీదేం మొక్కండీ?" అని అడిగింది.

"చెయ్యి బాగవ్వాలనండీ."

"స్వామి చూస్తాడు లెండి. మా పిల్ల బతికిందంటే ఆయన దయేనండీ."

"ఆయ్, అంతేనండీ."

నీళ్ళు చల్లి కత్తి పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. జుట్టు ముద్దలు ముద్దలుగా ఆమె ఒళ్ళో పడుతోంది. నేనే నూనె రాసిన జుట్టు. అమ్మ బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను. అలా లేదు. ఎవరో బరువు దించుతున్నట్టు మెడ వదులుగా ముందుకి వాల్చి కూర్చుంది.

గుడి పక్కనున్న వైనతేయ ఏట్లో స్నానం నేనే చేయించాను. తల తుడిచి గంధం రాస్తుంటే, ఏమీ అనకుండా ఉండలేక, "మొక్కుకున్నావు కదా, చూద్దాం" అన్నాను.

"మొక్కా? నేనేం మొక్కలేదే."

చెయ్యి ఆగిపోయింది నాకు.

"దేవుడితో అబద్ధం ఆడలేదులే. జుట్టు ఇస్తానన్నాను, ఇచ్చేను. ఏమీ అడగలేదు." ఏటి వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నీకోసం ఆదివారం దాకా కూచోడం, నువ్వు రాకపోతే మీ నాన్న చేత కట్టించుకోడం. అలా ఎన్నాళ్ళని? ఆ మడిసి నా తల ముట్టుకుని ఏడుత్తున్నాడే. వెనక కూచుంటే నాకు కనపడదనుకున్నాడు. జుట్టే లేపోతే ఈ పేచీ ఉండదు గదా."

"నాతో చెప్పొచ్చుగా. రోజూ వచ్చేదాన్ని."

"ఎలా వత్తావే? పిల్ల, మొగుడు, ఉద్యోగం. వత్తానంటావు గాని."

"మా ఇంటికొచ్చి ఉండు."

"ఈ చేత్తో మీ ఇంట్లో కూచుని ఏం చెయ్యను? పిల్లనెత్తుకోలేను, గిన్నె తోమలేను. నాకు నువ్వు జడెయ్యడం, నీ పిల్లకి నువ్వు జడెయ్యడం." నా వైపు తిరిగి, "మీ నాన్నతో చెప్పకు. మొక్కనే అనుకోనీ. ఆశ పెట్టుకున్నాడు," అంది.

గంధం రాయడం పూర్తి చేశాను. గుండు తల మీద నా అరచెయ్యి పెడితే చిన్నపిల్ల తలలా వెచ్చగా ఉంది. అమ్మ తల ఇంత చిన్నదని నాకెప్పుడూ తెలియలేదు.

నాన్న ఇప్పటికీ పొద్దున్నే లేచి అడుగుతాడు. "ఏమే, ఇవాళేమన్నా పైకి లేస్తందా?"

"కొంచెం," అంటుంది అమ్మ. "నిన్నటి మీద నయం."

జుట్టు చెవుల దాకా వచ్చిందంటే పేటలో ఎవరో ఒకరి చేత కత్తిరించేసుకుంటోంది. ఊళ్ళ మీదకి వెళ్ళడం పూర్తిగా మానేసింది. ఎండుచేపల దగ్గర ఎడం చేత్తో కర్ర పట్టుకుని కాకుల్ని, కుక్కల్ని తోలుతూ కూర్చుంటుంది. అందరి చేపకీ కాపలా. గోడ మీద వేళ్ళు పాకించే ఎక్సర్‌సైజు మొదట్లో చేసింది. గోడ మీద తాను చేరిన చోట బొగ్గుతో గీత పెట్టేది. గీత పైకి వెళ్ళకపోగా కిందకి దిగుతుండటంతో తడిగుడ్డ పెట్టి తుడిచేసింది.

ఈమధ్య ఎడం భుజం కూడా మొదలైంది. ఫోనులో మాటల మధ్యలో, చేపల సంగతి చెబుతూ చెబుతూ, "ఇది కూడా లాగుతందే" అంది. డాక్టరు గారిని అడిగాను. అన్ని పనులూ ఒక్క చేతి మీదే పడితే అలాగే అవుతుందన్నారు. దాన్నైనా జాగ్రత్తగా చూసుకోమన్నారు.

పోయిన ఆదివారం నేను పేటలోనే ఉన్నాను. మధ్యాహ్నం పూట, ఎండ కాస్తుండగానే, సముద్రం మీంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఇసక మీద పాత వలలు పరిచి, వాటి మీద పేట మొత్తం చేప ఎండబెట్టి ఉంది. ఆడవాళ్ళందరూ ఇళ్ళల్లోంచి పరుగెత్తారు. ఎవరి వల వాళ్ళు నాలుగు కొసలూ పట్టి మూట గట్టి లాగేస్తున్నారు. అమ్మ కూడా లేచి పరుగెత్తింది. మా చేప దగ్గరకు వెళ్ళి వంగి, ఎడం చేత్తో ఒక కొస పట్టుకుంది. కుడిచేత్తో ఇంకో కొస అందుకుంది కాని పట్టి లేపలేకపోయింది. కొస జారిపోయింది. మళ్ళీ వంగింది. మళ్ళీ జారిపోయింది. అప్పటికే నేను పిల్లని పిన్ని చేతికిచ్చి పరుగెడుతున్నాను. ఇసకలో కాళ్ళు దిగబడుతున్నాయి. నేను చేరేలోగా చినుకులు పెద్దవయ్యాయి.

"అటు పట్టు, అటు! మెత్తళ్ళు ముందు తియ్యి! అవి తడిస్తే పోతాయే!" అని అరుస్తోంది అమ్మ. అటూ ఇటూ తిరుగుతోంది కాని చేతులు రెండూ ఒంటికి అతుక్కుని కిందనే ఉన్నాయి. నేను లాగగలిగినంత లాగాను. సగం చేప తడిసిపోయింది. మిగతా ఆడవాళ్ళు తమ మూటలు చూరు కింద పడేసి మాకోసం వెనక్కి వస్తున్నారు, కాని అప్పటికే వాన ధారగా పడుతోంది. అమ్మ అందులోనే నిలబడిపోయింది. కళ్ళలోకి కారుతున్న నీళ్ళు తుడుచుకోవడానికి ఎడం చెయ్యి కూడా లేవక, తలని భుజానికేసి రుద్దుకుంటోంది.

"లోపలికి రా అమ్మా," అన్నాను.

"నువ్వు పద. తడిసిపోతన్నావు," అంది.